షార్లమేన్ పేరే రాజు అయింది

రష్యన్‌లో రాజును ‘కరోల్’ అంటారు, అది కిరీటం అనే లాటిన్ మాట ‘కొరోనా’ నుంచి వచ్చిందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. చూడ్డానికి దగ్గరగానే ఉన్నా, ఆ పోలిక నిలవదండీ. 814లో చనిపోయిన ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ అసలు పేరు కార్ల్. ఆ పేరే స్లావులకు (రష్యన్లు, చెక్‌లు, పోలిష్‌లు, సెర్బులు లాంటివారికి) రాజు అనే మాట అయిందని ఎక్కువమంది భాషావేత్తలు ఒప్పుకుంటారు. రోమన్ పాలకుడు సీజర్ పేరు రష్యన్ చక్రవర్తుల బిరుదు ‘త్సార్’ అయినట్టే!

పాత స్లావిక్‌లో అది ‘కొర్ల్’ లాంటిది. ఆ ‘ఒర్’ చెక్, సెర్బియన్‌లలో ‘రా’గా తిరగబడి ‘క్రాల్’ అయింది, పోలిష్‌లో ‘క్రూల్’. రష్యన్‌లో మాత్రం మధ్యలో ఇంకో అచ్చు దూరింది. హంగేరియన్లు తీసుకుని ‘కిరాయ్’ చేసుకున్నారు, లిథువేనియన్లు ‘కరాల్యుస్’, టర్కులు ‘క్రాల్’.

విభక్తుల దగ్గర చెక్ భాష భలే తమాషా. ‘పాన్’ (అయ్యగారు) షష్ఠిలో ‘పాన’ అవుతుంది. ‘క్రాల్’ కూడా అలాగే ‘క్రాల’ కావాలి కదా? కాదు, ‘క్రాలె’ అవుతుంది. ఒకప్పుడు చివరి ‘ల్’ని మెత్తగా, ‘ల్య్’ లాగా పలికేవారు, అలాంటి మాటలకు షష్ఠి ‘ఎ’తో వస్తుంది. ఆ పలుకుబడి పోయింది గానీ, విభక్తి మాత్రం పాత లెక్కే పట్టుకుని కూర్చుంది. రష్యన్‌లో ఆ మెత్తదనం ఇప్పటికీ వినిపిస్తుంది, షష్ఠిలో ‘కరల్యా’ అన్నప్పుడు ఊనిక చివరికి పోతుంది.