వ్యవస్థ గారి అడ్రసు

నాకు అర్జంటుగా వ్యవస్థ గారి అడ్రసు కావాలి.

ఎవరాయన అని అడక్కండి, మీకూ తెలిసినవాడే. వంతెన కూలినా, బోటు మునిగినా, విమానం పడిపోయినా టీవీలో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని "ఇది వ్యవస్థాగత లోపం" అంటాడు చూశారా, ఆ లోపం చేసినాయనే. ఇన్ని ప్రమాదాల్లో ఆయన పేరు వచ్చింది. అయినా ఇంతవరకూ ఒక్క నోటీసు అందుకున్న పాపాన పోలేదు. స్టేషన్‌కి రాలేదు. పేపర్లో ఫొటో పడలేదు. విశాఖలో ఎంవీపీ కాలనీ సెక్టార్లన్నీ తిరిగాను, సీతమ్మధారలో వాకబు చేశాను. ఆ ఇంటిపేరు వాళ్లు ఎవరూ లేరన్నారు.

ఈ మధ్య ఆయన పేరు రోజూ ఉదయం ఆరింటికి బీచ్ రోడ్డులో వినిపిస్తోంది. టీయూ-142 మ్యూజియం దగ్గర సిమెంటు బెంచీ మీద. ఆ విమానం 29 ఏళ్లు నేవీలో పనిచేసి, 30 వేల గంటలు ప్రమాదం అనేది లేకుండా ఎగిరి, 2017లో రిటైరై మన ఊళ్లో కూర్చుంది. దాని నీడన కూర్చునేవాళ్లూ రిటైర్డే. తేడా అల్లా విమానం మాట్లాడదు.

పెద్ద కెప్టెన్ గారు ముప్ఫై ఏళ్లు ప్రయాణికుల విమానాలు నడిపారు. కమాండర్ గారు నేవీలో చేశారు, ఇప్పటికీ నడకని, అదేదో యుద్ధ విమానం ఎగిరి వచ్చినట్టు, 'సోర్టీ' అంటారు. మూడో కెప్టెన్ గారికి వినపడదు, అందువల్ల ఎప్పుడూ ఆయనదే చివరి మాట. వీళ్ల మధ్య ఒక పాతికేళ్ల కుర్రాడు. గాజువాక వాడు. వాళ్ల నాన్న పొలం అమ్మి పైలట్ కోర్సు చదివిస్తే ఏదో చిన్న ఎయిర్‌లైన్‌లో చేరాడు, వాడు చేరిన ఏడాదికి అది మూతపడింది. ఇప్పుడు పొద్దున పెద్దలతో విమానాల గురించి మాట్లాడి, తర్వాత నాన్న కిరాణా కొట్లో పంచదార తూస్తాడు.

ప్రస్తుతం బెంచీ మీద నడుస్తున్నది బ్రెజిల్ కేసు. 2024 ఆగస్టు 9న వోపాస్ అనే ప్రాంతీయ సంస్థ ఏటీఆర్-72 విమానం విన్యెదో అనే ఊళ్లో ఇళ్ల మధ్య పడిపోయింది. ఎండుటాకులా గిరగిరా తిరుగుతూ పడిన ఆ వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. 62 మంది ఎక్కారు, ఒక్కరూ దిగలేదు. "చాలా మంచుంది" అని కో-పైలట్ అన్న మాట కాక్‌పిట్‌లో మాటలు పట్టే రికార్డర్‌లో దొరికింది. ఏటీఆర్ అంటే మనకి తెలియనిదేం కాదు. రాజమండ్రికీ కడపకీ మనవాళ్లు ఎక్కే రెండు పంకాల విమానమే. దానికీ మంచుకీ ఉన్న పేచీ కూడా పాతదే. 1994లోనే అమెరికాలో రోజ్‌లాన్ దగ్గర ఇలాగే 68 మంది పోయారు.

దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయంటారు. బ్రెజిల్లో ఏడో నెల పట్టింది. 2025 మార్చిలో అక్కడి నియంత్రణ సంస్థకి మెలకువ వచ్చి, ఈ కంపెనీ తన లోపాలు సరిదిద్దుకోగలనని రుజువు చేసుకునేదాకా ఎగరడానికి వీల్లేదంది. జూన్‌లో సర్టిఫికెట్టే రద్దు చేసింది. మరి ఈలోగా? ఎగిరారు. జనం ఎక్కారు. కిటికీ సీటు కోసం దెబ్బలాడుకునే ఉంటారు.

"కంపెనీయే పోయింది, ఇంక బాధ్యత ఎవరిదంటారు?" అని కుర్రాడు అడిగాడు.

"నేనైతే ఆ ఎత్తులో ఉండేవాణ్ణే కాదు" అన్నారు పెద్ద కెప్టెన్ గారు.

"నేనైతే ముక్కు దించేవాణ్ణి" అన్నారు కమాండర్ గారు.

ఒప్పుకోవాలి. ఆ బెంచీ మీద నుంచి ఇంతవరకూ ఒక్క విమానం కూడా పడలేదు.

ఆ తర్వాత పెద్ద కెప్టెన్ గారు పదమూడో అనుబంధం తీస్తారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థది. ప్రమాద దర్యాప్తు ఉన్నది మళ్లీ ప్రమాదం జరక్కుండా చూడటానికే గాని, నింద ఎవరి మీద వెయ్యాలో తేల్చడానికి కాదని అందులో ఉంది. మంచి మాటే. వెటకారానికి అనడం లేదు. తప్పు చెప్పినవాణ్ణి జైల్లో పెడితే రెండోవాడు నోరు విప్పడు, మూడో విమానం అదే తప్పుతో పడుతుంది. నిజం చెప్పేవాడికి పట్టిన గొడుగు అది. నాకొచ్చిన చిక్కల్లా, వాన మొదలవగానే ఆ గొడుగు కిందికి ముందు దూరేది ఒక్క నిజం కూడా చెప్పనివాళ్లు. చెప్పాల్సినవాడు అప్పటికే కాక్‌పిట్‌లో కాలిపోయి ఉంటాడు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు మనవాళ్లు. పైలట్ చస్తే మాత్రం వాడికసలు కళ్లే లేవంటారు.

ఇదంతా నాకు సరిగ్గా అర్థమైంది మొన్న గురువారం. ఆ రోజు నా కళ్ల ముందే ఒక ప్రమాదం జరిగింది. స్థలం, బెంచీ పక్కన టిఫిన్ బండి. సమయం 6.20. వాతావరణం నిర్మలం. బండి పక్కన ఒక మడత బల్ల. దానికి నాలుగు కాళ్లు, అందులో ఒకటి ఇటుక. ప్లేట్లు కడిగే కుర్రాడు సాంబారు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇటుక జారింది. సాంబారు కమాండర్ గారి తెల్ల బూట్ల మీద దిగింది. ప్రాణనష్టం లేదు. బూట్లు గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నాయి.

"ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు!" అని పెద్ద కెప్టెన్ గారు రెండు చేతులూ చాపారు. ములక్కాడ ముక్కలు ఎక్కడ పడ్డవి అక్కడే ఉంచి, శకలాలు ఎంత దూరం చెదిరాయో అడుగులేసి కొలిచారు. ఆరు అడుగులు. ఈలోగా ఒక వీధికుక్క వచ్చి ఆధారాలు నాకడం మొదలెట్టింది. మూడో కెప్టెన్ గారు దాన్ని అదిలించి, "స్థానికులు ఘటనాస్థలాన్ని పాడుచేశారు, రాసుకోండి" అన్నారు. రాసుకునేది నేనే. వాళ్లలో ఎవరి దగ్గరా పెన్ను లేదు.

"గిన్నె పెట్టే ముందు బల్ల చూశావా?"

"సూశానండి."

"ఇటుక కనపడిందా?"

"రోజూ కనబడతాదండి."

"కనపడి కూడా పెట్టావన్నమాట."

పది నిమిషాల్లో ప్రాథమిక నివేదిక తయారు. గిన్నెని బల్ల మధ్యలో పెట్టాల్సి ఉండగా ఎడమ పక్కకి పెట్టడమైనది. మానవ తప్పిదం. కుర్రాడు తలొంచుకుని ఎడమచేతి వేలు మీద బొబ్బ ఊదుకుంటున్నాడు. అది గాయాల జాబితాలో లేదు. బూట్లున్నాయి.

మన గాజువాక కుర్రాడు మాత్రం పక్కన గొంతుక్కూచుని, "రాత్రి ఎన్నింటికి పడుకున్నావురా?" అన్నాడు.

"పడుకోలేదన్నా. రెండింటికి పిండి రుబ్బాలి గదా."

"అది ఈ నివేదిక పరిధిలోకి రాదు" అన్నారు పెద్ద కెప్టెన్ గారు.

అప్పుడు బండి ఆవిడ గరిటె పక్కన పెట్టి మాట్లాడింది. బండీ బల్లా అద్దెవిట. కాలు విరిగిందని ఓనరుకి నాలుగుసార్లు చెప్పిందిట. "పండక్కి చూద్దాం" అన్నాడుట. ఏ పండక్కో చెప్పలేదు. అద్దె మాత్రం ఏ రోజుదారోజు పట్టుకుపోతున్నాడు.

పెద్ద కెప్టెన్ గారి మొహం వెలిగింది. "చూశారా! నేను మొదట్నుంచీ అదే అంటున్నాను. ఇది వ్యవస్థాగత లోపం."

నేను బెంచీ మీద నుంచి లేచిపోయాను. ఇన్నేళ్లుగా వెతుకుతున్న మనిషి! పెందుర్తిలో ఉన్నాడు! రెండంతస్తుల మేడ, ముందు కారు షెడ్డు. ఫోన్ నంబరు ఆవిడ దగ్గరుంది. చేద్దామన్నాను.

"అబ్బే, పేర్లెందుకండీ. వ్యక్తుల్ని దోషులుగా చూపించడం మన ఉద్దేశం కాదు" అన్నారు కెప్టెన్ గారు.

"మరి ఈ కుర్రాడు వ్యక్తి కాదా?"

"అతను ఆపరేటర్."

వాదన గట్టిపడేసరికి కమాండర్ గారు బూట్లు తుడుచుకుంటూనే నాకు స్విస్ చీజ్ సిద్ధాంతం చెప్పారు. జేమ్స్ రీజన్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల్లో ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతి రక్షణ పొరలోనూ చిల్లులుంటాయి, జున్ను ముక్కల్లాగా. ఏదో ఒక దుర్దినాన అన్ని ముక్కల చిల్లులూ ఒక వరసలోకి వస్తాయి, ప్రమాదం సూటిగా దూరిపోతుంది. మన ఊళ్లో ఆ జున్ను ఎవరూ తినరు గనక ఆవిడకి అర్థం కావాలని ఆయన పళ్లెంలోంచి నాలుగు గారెలు తీసి ఒకదాని వెనక ఒకటి పట్టుకున్నారు. చిల్లులన్నీ చక్కగా కలిశాయి. అందులోంచి సముద్రం కనిపించింది.

"చూశావామ్మా, ఎలా కలిసిపోయాయో. అదీ దురదృష్టం అంటే."

ఆవిడ ఆయన్ని వింతగా చూసింది. "గారికి సిల్లు దానంతటదే పడిపోద్దేటి బాబూ? నాను ఏలెట్టి పొడిస్తే పడతాది. ఎన్ని గార్లేసినా మద్దెనే పొడుస్తాను. కలవక ఎక్కడికి పోతాయి?"

రీజన్ గారు విని ఉంటే బాగుండును.

కలవక ఎక్కడికి పోతాయి! 2009 ఫిబ్రవరి 12 రాత్రి అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద పడింది. విమానంలో 49 మంది, ఇంట్లో ఒకరు చనిపోయారు. టికెట్ మీద పేరు పెద్ద కంపెనీ కాంటినెంటల్‌ది, నడిపింది కోల్గన్. శుభలేఖలో ఒకడి పేరు, పీటల మీద ఇంకొకడు. వేగం పడిపోతోందని హెచ్చరిక వచ్చినప్పుడు ముందుకి తోయాల్సిన కాలమ్‌ని, అంటే విమానం ముక్కు ఎత్తి దించే కాడని, కెప్టెన్ వెనక్కి లాగాడని దర్యాప్తు తేల్చింది. లాగాడు. కాదనను. కానీ ఆ పక్క సీట్లో ఉన్న 24 ఏళ్ల పిల్ల ముందు రాత్రంతా సియాటిల్ నుంచి దేశం ఆ కొస నుంచి ఈ కొసకి సరుకు విమానంలో కూర్చుని డ్యూటీకొచ్చింది. సిబ్బంది గదిలో కునుకు తీసింది. జలుబు. రికార్డర్‌లో ఆవులింతలు. ఏడాది జీతం 16 వేల డాలర్లన్న మాట విచారణలో బయటికొచ్చింది. ఆ డబ్బుతో న్యూయార్క్ పక్కన గది ఎవడిస్తాడు? ఆ జీతం ఎవరో ఒకరు కాగితం మీద రాసి సంతకం పెట్టారు కదా! ఆ సంతకానికి పేరు లేదా? ఆ వేలు ఎవరిది?

పోయినవాళ్ల కుటుంబాలు పట్టు వదలకుండా తిరిగి 2010లో చట్టం తెప్పించాయి. కో-పైలట్‌కి కూడా 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు, విశ్రాంతి నిబంధనలు మార్చమన్నారు. జీతాలు కోసే కుర్చీకి ఎన్ని గంటల అనుభవం కావాలో అడగలేదు. కోల్గన్ 2012లో మూతపడింది. ఇంక సమన్లు ఎవరికిస్తారు, తాళంకప్పకా? మూసెయ్యడం ఇష్టం లేకపోతే ఇంకో దారీ ఉంది. వాల్యూజెట్ విమానం 1996లో ఫ్లోరిడా చిత్తడిలో పడి 110 మంది పోతే, మరుసటేడాదికి ఆ కంపెనీ ఎయిర్‌ట్రాన్ అయి కూర్చుంది. పాప పరిహారం అయిపోయింది, రంగు డబ్బాల ఖర్చుతో.

ఓనర్ని కూడా విమానం ఎక్కిస్తే బుద్ధొస్తుందని నేనంటే, పెద్ద కెప్టెన్ గారు తురుపుముక్క వేశారు. లామియా. బొలీవియాలో చిన్న సంస్థ. 2016 నవంబర్ 28న దాని విమానం నడిపినాయన కంపెనీలో వాటాదారే. ప్రయాణం 4 గంటల 22 నిమిషాలు, ఇంధనం కూడా సరిగ్గా 4 గంటల 22 నిమిషాలకి. దారిలోనే ఇంధనం అయిపోయి పడింది, 71 మంది పోయారు. సరే, ఆ ముక్క నాకు జవాబు లేనిదే. దురాశ ముందు సీట్లో కూర్చున్నా మారదన్నమాట. కానీ ఆ కథలో రెండో సగం ఆయన చెప్పలేదు. ఈ లెక్క కుదరదని ప్లాన్ చూసి అభ్యంతరం చెప్పానన్న విమానాశ్రయ ఉద్యోగిని మీద కేసు పడింది. ఆమె బ్రెజిల్ పారిపోయింది, 2021లో అక్కడ అరెస్టయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గాని, పంచేటప్పుడు చూడండి, పెద్ద పిడికిలి ఎప్పుడూ చిన్న జీతగాడికే.

మన దగ్గర మాత్రం? పైలట్‌కి వారానికి 48 గంటలు విశ్రాంతి ఇవ్వాలని, రాత్రి ల్యాండింగులు తగ్గించాలని రాసుకున్నాం. 2025 డిసెంబర్‌లో దేశంలోకెల్లా పెద్ద సంస్థ ఇండిగో దానికి సిద్ధం కాలేదు. ఒక్కరోజులో వెయ్యికి పైగా విమానాలు ఆగిపోయాయి, మన విశాఖ కౌంటర్ల దగ్గరా జనం సూట్‌కేసుల మీదే కూర్చున్నారు. ఏం చేశారు? పైలట్లని నిద్రపుచ్చడం కష్టమని నిబంధననే కొన్నాళ్లు నిద్రపుచ్చారు. అదే ఏడాది జూన్‌లో అహ్మదాబాద్ దుర్ఘటన తర్వాత, చనిపోయిన కెప్టెన్ మీద నింద వద్దు మొర్రో అంటూ ముసలి తండ్రి సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. కొడుక్కి కర్మకాండ చేసిన చేత్తో పిటిషన్ మీద సంతకం! సిగ్గుండాలి.

గురువారం నివేదిక పూర్తయ్యే వేళకి ఓనరు తనంతట తనే బైకు మీద వచ్చాడు. కమాండర్ గారి బూట్లకి తీవ్ర సంతాపం తెలిపాడు. కెప్టెన్ గారు ఆయనకి షేక్‌హ్యాండిచ్చి, సహకరించినందుకు థాంక్స్ చెప్పారు. పోయిన సాంబారు డబ్బు ఎవరిస్తారని ఆవిడ అడిగింది గాని, అప్పటికి ఏడున్నరవుతోంది, బీచ్ రోడ్డు మీదకి బళ్లు వదిలేశారు, హారన్లలో వినపడలేదు.

శుక్రవారం పొద్దున వెళ్లేసరికి బల్ల మీద కొత్త ఆయిల్ క్లాత్ పరిచి ఉంది. నీలం రంగు, పువ్వులు. అంచు ఎత్తి చూశాను. ఇటుక అక్కడే ఉంది. ప్లేట్ల దగ్గర ఎవరో కొత్త కుర్రాడు. సాంబారు గిన్నె రెండు చేతులా పట్టుకుని వస్తుంటే, కమాండర్ గారు మాట్లాడకుండా బూట్లు విప్పి బెంచీ మీద పెట్టుకున్నారు.