ఇంప్లాంట్లు నిలబడ్డాయి, పళ్ళు విరిగాయి

ఫుల్ ఆర్చ్ కేసు (ఎముకలో దించిన నాలుగు ఇంప్లాంట్ల మీద ఒక దవడ పళ్ళన్నీ బిగించేది) ఫోటో పెడితే కింద మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: టార్క్ (ఇంప్లాంట్ ఎముకలో బిగిసిన బలం, న్యూటన్ సెంటీమీటర్లలో) ఎంత వచ్చింది? 35 దాటిందా, 45 వచ్చిందా? నిలువుగా చోటు ఎంత ఉందని అడిగేవాళ్ళు ఎక్కడో ఒకరు. కేసు చెడేది మాత్రం ఎక్కువగా అక్కడే.

ఈ నాలుగు ఇంప్లాంట్ల పద్ధతికి పోర్చుగల్ డెంటిస్టు పాలో మాలో బృందం కింది దవడ ఫలితాలు ప్రచురించింది 2003లో. ముందు రెండు నిటారుగా, వెనక రెండు వాలుగా వేయడం ఇప్పుడు మన దగ్గర చాలామందికి చేతనవును. వారాంతపు కోర్సుల్లో నేర్పేదీ అదే. ఎముక ఎంత తగ్గించాలో చెప్పేసరికి టీ బ్రేక్ వచ్చేస్తుంది.

టైటానియం బార్ మీద యాక్రిలిక్ చేయాలంటే ఇంప్లాంట్ తల నుంచి ఎదుటి పంటి అంచు దాకా సుమారు 15 మిల్లీమీటర్లు కావాలి. జిర్కోనియాకి కాస్త తక్కువైనా సరిపోతుంది. పళ్ళు కదులుతున్నా ఎముక ఎత్తు బాగానే మిగిలిన పేషెంటుకి ఆ చోటు ఉండదు, గీకి తెచ్చుకోవాలి. 'మంచి ఎముకని ఎందుకు పోగొట్టాలి' అని 2 మిల్లీమీటర్లతో ఆపేస్తే టెంపరరీలో (ముందు బిగించే తాత్కాలిక పళ్ళలో) సిలిండర్ (స్క్రూ దిగే గొట్టం) చుట్టూ యాక్రిలిక్ అప్పడంలా మిగులుతుంది. చివరి సిలిండర్ పక్కనే పగులుతుంది. దానికి తోడు వెనక ఒక పన్ను వేలాడదీస్తే ఇక చెప్పక్కర్లేదు. టెంపరరీకి క్యాంటిలివర్ (అలా వేలాడే పన్ను) వద్దు, పేషెంటు ఎంత అడిగినా సరే.

పై దవడలో ఇంకో లెక్క ఉంది. పళ్ళు బయటపడేలా నవ్వించి పెదవి ఎక్కడిదాకా లేస్తుందో గుర్తు పెట్టుకోవాలి. కృత్రిమ చిగురు, అసలు చిగురు కలిసే గీత దానికి పైన దాగాలి. ఇంప్లాంట్లు దిగాక ఈ తప్పుకి మందు లేదు.

వాలు ఇంప్లాంట్ మీద 30 డిగ్రీల మల్టీ యూనిట్ అబట్‌మెంట్ (ఇంప్లాంట్‌కీ పళ్ళకీ మధ్య బిగించే ముక్క) పూర్తిగా కూర్చోకపోతే స్క్రూ మీద బలం చూపించకండి. పక్కన లేచిన ఎముక అంచు అడ్డుపడుతుంటుంది. ఎముక చెక్కే బోన్ మిల్‌తో తీసి, ఎక్స్‌రేలో సందు లేదని చూశాకే బిగించాలి. చాలా సిస్టమ్‌లలో వాలు అబట్‌మెంట్ స్క్రూకి 15 న్యూటన్ సెంటీమీటర్లే. నిటారు దానికిచ్చే 35 దీనికిస్తే స్క్రూ పోతుంది.

జిగ్ (ఇంప్లాంట్ల స్థానాలు సరిచూసే చట్రం) మాట ఎత్తితే 'స్కానర్ ఉందిగా' అంటారు. ఉండనివ్వండి. జిగ్‌ని ముక్కలుగా కోసి, నోట్లో బిగించి, సన్నని సందుల్ని ప్యాటర్న్ రెజిన్‌తో కలపండి. సందు వెడల్పయితే రెజిన్ ముడుచుకుని అంతా లాగేస్తుంది. ఫ్రేమ్ వచ్చాక ఒక చివర ఒక్క స్క్రూ బిగించి రెండో చివర ఎక్స్‌రే తీయండి. అక్కడ లేచిందంటే వెనక్కి పంపాల్సిందే. నాలుగూ బిగిస్తే దిగినట్టే కనిపిస్తుంది, ఆ బిగువు మాత్రం లోపలే ఉంటుంది. ఆనక స్క్రూలు పదే పదే వదులవుతుంటే పేషెంటు కొరుకుడుని తప్పుపట్టి లాభమేంటి?

'మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్ళు' బోర్డుల వెనక దాగే సంగతి మరొకటి: పెదవికి ఆసరా. దానికోసం ఫ్లాంజ్ (చిగురు మీదికి పొడిగించిన అంచు) కలిపితే అడుగు భాగం పుటాకారమై అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి, ఫ్లాస్ దూరదు. ఆసరా తప్పనిసరి అయితే ఆ పేషెంటుకి తీసి పెట్టుకునేదే నయం. అది తెలియాల్సింది సర్జరీకి ముందే. ఫ్లాంజ్ లేకుండా పళ్ళు అమర్చి, నోట్లో పెట్టి, పక్క నుంచి పెదవి చూడండి. ల్యాబ్‌కి అయ్యేది కాస్త మైనం, పేషెంటుకి ఒక సిట్టింగ్.