మహారాజశ్రీ మైకు గారికి

కడప నుంచి ట్రంపెట్ ఊదుకుని బతికే ఒక బ్యాండు మేళం మనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ, మొన్నటి పెళ్లి తర్వాత నా ఎడమ చెవి కుశలం ఇంకా తేలలేదు.

ఆ రోజు మిమ్మల్ని తెచ్చి నా బాకా నోట్లోనే పెట్టారు. "వెనక కుర్చీల దాకా వినపడాల కదన్నా" అన్నాడు సౌండ్ పిల్లోడు. వినపడింది, కుయ్ మని. అయ్యవారు మంత్రం ఆపి పైకప్పు కేసి చూశారు.

నేను నేర్చుకునేటప్పుడు మీరు లేరు సార్. మా మాస్టరు బుగ్గవంక అవతలి గట్టున నిలబడేవాడు. ఇవతల నుంచి నేను ఊదాలి. "బుగ్గలు పూరించినావంటే బుగ్గవంకలో తోస్తా" అనేవాడు. పెదవుల మూలలు బిగించి, కడుపులోంచి తెంపులేకుండా ఊపిరి పంపితే చాలు, అరవక్కర్లేదు. స్వరం వెంట పుట్టే పై స్వరాలే దూరం మోస్తాయి. మనిషి చెవి బాగా పట్టేది 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించే శబ్దాలను. ఆ పై స్వరాల్లో చాలా అక్కడే పడతాయి. పైగా బాకా నోట్లోంచి టార్చిలైటు లాగా ముందుకే పోతాయి. అందుకే నేల చూపులు మాని, బాకా ఎత్తి జనం మొహాల మీదికి ఊదుతాం. దగ్గర గరగరమన్నదే దూరానికి నున్నగా చేరుతుంది.

మీరు ఆ గరగరనే పట్టి రెండు డబ్బాల్లోంచి కక్కుతారు. పొయ్యి మీది తిరగమాత ఘాటును విస్తట్లో వడ్డించినట్టు!

వియన్నాలో 1870లో తెరిచిన మ్యూసిక్‌ఫెరైన్ అనే కచేరీ హాలుంది. సుమారు 1700 సీట్లు. వాద్యబృందం వెనకెక్కడో కూర్చున్న ట్రంపెట్ చివరి వరసకు మీ సాయం లేకుండానే చేరుతుంది. స్వరం ఆగాక కూడా రెండు సెకన్లు హాలే దాన్ని మోస్తుందట. మా మండపమూ తక్కువేం కాదు: కింద కడప బండలు, పైన రేకులు. ఊదిన స్వరం పొమ్మన్నా పోదు. దానికి మళ్లీ మీరా? షామియానా కింద, ఆరుబయట అయితే రండి, కాదనను. గుడ్డ పై స్వరాలను మింగేస్తుంది, మోయడానికి గోడలుండవు. అప్పుడైనా ఒక బారెడు దూరంలో నిలబడండి.

వచ్చే ముహూర్తం ప్రొద్దుటూరులో. మిమ్మల్నీ మాట్లాడుకున్నారట, నాకంటే మీకే ఎక్కువిచ్చి.

ఇట్లు,
మీ వెనక నిలబడి ఊదేవాడు

తా.క.: ఆ రోజు రెండో పాటకు మీరు మూగబోయింది నేను వైరు లాగినందుకే. వెనక కుర్చీల్లోంచి ఎవరూ లేచి అడగలేదు.