ఒకే డీబీ, ఒకే న్యూట్రల్: వైరింగ్‌లో ఇది పొదుపు కాదు

జి ప్లస్ టూ ఇంటికి వైరింగ్ ఖర్చు సగం తగ్గించే కిటుకులంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కింద ఒకే డీబీ (కరెంటును సర్క్యూట్లుగా పంచే బాక్సు) పెట్టాలట. మూడు అంతస్తులకూ ఒకే న్యూట్రల్ (కరెంటు తిరిగొచ్చే వైరు), ఇల్లంతా 1 స్క్వేర్ ఎంఎం వైరు, దాని మీద 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తానే ఆగిపోయే స్విచ్చి) సరిపోతాయట. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ దండగట.

ఒకే డీబీ అయితే రెండు బాక్సుల డబ్బు మిగిలే మాట నిజమే. వైరు లెక్కో? రెండో అంతస్తుకు ఎనిమిది సర్క్యూట్లనుకుందాం. ఫేజు, న్యూట్రల్ కలిపి పదహారు వైర్లు కిందనుంచే ఎక్కాలి. ఎత్తు ఏడు మీటర్లన్నా 112 మీటర్లు, ఎర్త్ కాకుండానే. 90 మీటర్ల కాయిల్ నిలువు పైపులోనే అయిపోతుంది. మెట్ల పక్కన అంతస్తుకో చిన్న డీబీ పెట్టి, 6 స్క్వేర్ ఎంఎం జత ఒకటి లాగితే (ఏసీలు ఎక్కువైతే 10) పద్నాలుగు మీటర్లతో సరి. పైన గీజర్ ట్రిప్ అయితే అర్ధరాత్రి కింది వాటా వాళ్ల తలుపూ కొట్టక్కర్లేదు.

లైట్ల వరకు మెసేజ్‌లో కొంత న్యాయముంది. 9 వాట్ల ఎల్‌ఈడీలు పది వెలిగినా అర ఆంపియర్ కాదు. రెండు గదుల లైట్లు, ఫ్యాన్లు 1.5 వైరు మీద ఒకే సర్క్యూట్‌లో కలపొచ్చు. 3 కిలోవాట్ల గీజర్ అయితే 13 ఆంపియర్లు లాగుతుంది. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. 30 ఆంపియర్లు పారుతున్నా 32 ఎంసీబీ కదలదు, ఈలోపు 1 స్క్వేర్ ఎంఎం వైరు తొడుగు గోడలో కరుగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఉమ్మడి న్యూట్రల్. మీటరు దాకా ఒకటే ఉంటుంది, తప్పదు. అక్కడినుంచి పైకీ ఒకటే అయితే, సింగిల్ ఫేజ్ ఇంట్లో మూడు అంతస్తుల కరెంటూ ఆ ఒక్క వైరులోనే తిరిగొస్తుంది. త్రీఫేజ్‌లో అంతస్తుకో ఫేజు ఇస్తారు కదా, కింది జాయింట్ ఊడితే రెండంతస్తుల లోడ్లు 415 వోల్టుల మధ్య సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా పడతాయి. కింద ఇస్త్రీపెట్టె, పైన టీవీ నడుస్తుంటే దాదాపు 400 వోల్టులు టీవీ మీదే. కరెంటు తక్కువ కాబట్టి ఎంసీబీకి తెలియనే తెలియదు.

ఆర్‌సీసీబీ 'ఊరికే పడిపోతుంది' అనే ఫిర్యాదూ చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. ఫేజు ఒక ఆర్‌సీసీబీలోంచి వెళ్లి, న్యూట్రల్ ఇంకోదాంట్లోంచి తిరిగొస్తే వెళ్లిన, వచ్చిన కరెంట్ల తేడా 30 మిల్లీఆంపియర్లు దాటుతుంది, అది పడిపోతుంది. దాన్ని పీకేయకండి. ముందు న్యూట్రల్‌లు విడదీయించండి. అప్పుడూ పడుతుంటే గీజర్ ఎలిమెంటో, వానకు తడిసిన బయటి లైటు జాయింటో చూడమనండి.