డబ్బు మెరకెరుగు

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. కజఖ్‌స్తాన్‌లోని అల్మాటీ నగరం ఆ సామెతకు ఇంకో సగం కలిపింది. డబ్బు మెరకెరుగు.

ఈ ఊరు దక్షిణాన మంచుకొండల పాదాల దగ్గర మొదలై ఉత్తరానికి వాలుకుంటూ పోతుంది. అందుకే దారి అడిగితే ఇక్కడివాళ్లు దిక్కులతో పని పెట్టుకోరు. "పైకి" అంటే కొండవైపు, "కిందికి" అంటే మిగతా ప్రపంచం. చలికాలంలో కొండ కనపడకపోయినా కంగారు పడక్కర్లేదు. పిక్కలు లాగుతున్నాయంటే మీరు దక్షిణానికి నడుస్తున్నట్టే.

అంతంత పెద్ద కొండ ఎందుకు కనపడదంటారా? ఊరు తన పొగలో తానే మునిగి ఉంటుంది కాబట్టి. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం, ఇళ్లలో బొగ్గు పొయ్యిలు, రోడ్ల నిండా కార్లు. కొండలు అడ్డంగా ఉండటంతో గాలి పెద్దగా కదలదు. పైన వెచ్చటి గాలి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. ఆ మూతకు వీలైనంత దగ్గరగా, ఇంకా వీలైతే దాని పైన, ఇల్లు కట్టుకోవడమే ఇక్కడ పురుషార్థం. ప్రపంచమంతా తినే ఆపిల్‌కు పూర్వీకుడు ఈ కొండల్లోని అడవి ఆపిలేనని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ ఊరికి పేరు తెచ్చిన అపోర్ట్ ఆపిల్ తోటలు ఆ కొండవాలులోనే ఉండేవి. ఆపిల్ చెట్టు ఎంత వంశం గలదైనా రిజిస్ట్రేషన్ చార్జీలు కట్టదు కదా! చాలా తోటలు పోయాయి, విల్లాలు లేచాయి.

2022 నుంచి మన పాస్‌పోర్టుతో 14 రోజుల దాకా వీసా లేకుండా వెళ్లొచ్చు. మనవాళ్లు ప్యాకేజీల్లో దిగుతున్నారు. ఏ ప్యాకేజీ చూసినా చేసేది ఒకటే, డబ్బులు తీసుకుని జనాన్ని ఊరి పొగలోంచి పైకి ఎత్తడం. ముందు కోక్-తొబె గుట్టకు కేబుల్ కార్. అది ఇళ్ల కప్పుల మీదుగా వెళ్తుంది. కిందికి చూస్తే రేకులు, పెరట్లో ఆరేసిన దుప్పటి, ఒక పొగగొట్టం. ఆ గొట్టంలోంచి వచ్చిందే మన సెల్ఫీలో పొగమంచుగా పడుతుంది. "వావ్, ఊటీలా ఉంది వదినా" అని కామెంట్ వస్తుంది.

గుట్ట మీద ఇంగ్లండ్ పాటల బృందం బీటిల్స్ నలుగురి కంచు విగ్రహాలున్నాయి. 2007లో పెట్టారు. ఆ నలుగురూ ఈ ఊళ్లో ఒక్క కచేరీ కూడా చెయ్యలేదు.

"ఎవరు బావా వీళ్లు?"

"ఇక్కడి స్వాతంత్ర్య సమరయోధులు అయ్యుంటారు. నిలబడు, ఫొటో తీస్తా."

తర్వాత మెదెవు స్కేటింగ్ రింక్, 1,691 మీటర్లు. అక్కడి నుంచి గొండోలా అనే కేబుల్ కార్‌లో షింబులాక్ స్కీయింగ్ కేంద్రం, 2,260 మీటర్లు. ఇంకా ఓపికుంటే 3,200 మీటర్ల దాకా. మెదెవు పైన ఆనకట్ట ఎక్కడానికి 842 మెట్లున్నాయి. ఎక్కినవాళ్లందరూ ఆ లెక్కను స్టేటస్‌లో పెడతారు. నీళ్లు నిలవనిచోట ఆనకట్ట ఎందుకని మాత్రం ఎవరూ అడగరు. 1921లో కొండ మీంచి బురదవరద వచ్చి ఊరి మీద పడింది. 1973లో మళ్లీ వస్తే ఈ కట్టే ఆపింది. ఈ ఊళ్లో పైనుంచి కిందికి ఉచితంగా వచ్చేది అదొక్కటే.

కింద చూడాల్సినవి లేవని కాదు. 1907లో పూర్తయిన చెక్క చర్చి 1911 భూకంపాన్ని తట్టుకుని ఇప్పటికీ నిలబడి ఉంది. 1988లో తవ్వడం మొదలుపెట్టిన మెట్రో 2011లో పరిగెత్తింది, కాబట్టి మన నగరాలు సిగ్గుపడాల్సిన పని లేదు. గ్రీన్ బజార్‌లో కిస్‌మిస్ బేరమాడుతుంటే పక్క కొట్టామె గుర్రపు మాంసం సాసేజీ ముక్క కోసి రుచి చూడమంటుంది. మన బృందంలో అంతవరకు నాన్‌వెజ్ తినేవాళ్లందరికీ ఆ క్షణంలో శనివారం గుర్తొస్తుంది.

ఇంతకీ పొగ సంగతి ప్రభుత్వానికి తెలియదా అంటే, తెలుసు. కాకపోతే ప్రభుత్వం ఊళ్లో లేదు. 1997లో రాజధానిని ఉత్తరాన మైదానంలోకి మార్చారు. దాని పేరు ఆస్తానా, మధ్యలో కొన్నేళ్లు నూర్-సుల్తాన్, 2022 నుంచి మళ్లీ ఆస్తానా. (రాజధాని ఎలా కదులుతుందో తెలుగు పాఠకులకు నేను చెప్పాలా?) అక్కడ ఎగువా లేదు, దిగువా లేదు. ఈదురుగాలి మాత్రం కావలసినంత. అల్మాటీ గాలి గురించి రాసిన అర్జీలు అక్కడికే చేరాలి. చేరాక వాటి మీద ముందుగా పెట్టేది పేపర్‌వెయిట్.