బజ్జీ నూనెతో బండ్లు నడపాలి, అడ్డొస్తున్నది ఒక్క ఇంజినే

పాత డీజిల్ బండ్లని తుక్కుకి పంపక్కర్లేదు, వంటనూనె పోసి నడుపుకోవచ్చు అని ఈమధ్య వీడియోలు తెగ తిరుగుతున్నాయి, మా విజయనగరంలో వచ్చిన మెసేజ్ పదిమందికి తోసేయనివాడు మనిషే కాడు కాబట్టి నాదాకా కూడా వచ్చింది, అందరూ చూసి నవ్వుకుని వదిలేశారు గానీ నేను మాత్రం జిల్లా బాగు కోరేవాణ్ణి కనక చాలా సీరియస్‌గా తీసుకున్నాను.

అసలు ఇది పిచ్చి ఆలోచనేం కాదు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజిన్ ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది, చూసినవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలీలేదని ఆ ఇంజిన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే తర్వాత చెప్పుకున్నాడు. వేరుశనగ అంటే మన మెట్టల్లో పండేదే కదా, ఇంకేం, స్వావలంబన వచ్చేసినట్టే అనుకుని కొట్టుకెళ్ళి రేటు అడిగితే డీజిల్ మీద భక్తి పుట్టుకొచ్చింది. సరే పామాయిల్ పోద్దామా అంటే, దేశంలో మనం తినే నూనెలో సగం పైన బయటి నుంచి వచ్చేదే, పామాయిల్ అయితే ఎక్కువ ఇండోనేషియా, మలేషియా నుంచి. అంటే అరబ్బులకి కట్టే డబ్బు ఆపి ఇండోనేషియా వాళ్ళకి కట్టడం. స్వావలంబనే, కాకపోతే దిక్కు మారింది.

అందుకే వాడేసిన నూనె. అమెరికాలో ఈ సరదా ఉన్నవాళ్ళు హోటళ్ళ వెనక్కెళ్ళి పారేసే నూనె డబ్బాలతో తెచ్చుకునేవారు, చాలాచోట్ల ఊరికే ఇచ్చేవారు కూడా. మనకి హోటళ్ళెందుకు, కోట దగ్గర సాయంత్రమైతే ఎన్ని బజ్జీల బళ్ళు! ఒకాయన్ని మర్యాదగా అడిగాను, "వాడేసిన నూనె ఏం చేస్తారండీ" అని. ఆయన చిల్లుల గరిటె కళాయిలోనే ఉంచి నా మొహం చూసి, "వాడేసిన నూనేటి బాబూ? అయిపోయేదాకా వాడతాం, అయిపోయాక ఇంకేటుంటాది?" అన్నాడు.

ఇక్కడే నా ప్లాను మొదటి దెబ్బ తింది. మన దేశంలో వాడేసిన నూనె అనే పదార్థమే లేదు! కళాయిలో అడుగుకి వచ్చేసరికి ఒక ప్యాకెట్టు కత్తిరించి పోస్తారు, అది కిందటి నల్లదనంలో కలిసిపోద్ది, మర్నాడు మళ్ళీ ఇంకోటి, కోవెల్లో అఖండ దీపం లాగ ఆ కళాయికి ఆరడం అంటూ ఉండదు. ఇవాళ మనం తిన్న బజ్జీలో కిందటి దసరాకి పోసిన నూనె చుక్క లేదని ఎవడైనా పైడితల్లమ్మ మీద ప్రమాణం చేస్తాడా.

రూల్సు లేవా అంటే ఎందుకు లేవు, బ్రహ్మాండంగా ఉన్నాయి. మాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అని ఒక చెత్త పెరుగుద్ది, అది 25 శాతం దాటితే ఆ నూనె వంటకి పనికిరాదని 2018లోనే పెట్టారు. ఆ నూనెని తీసుకెళ్ళి బయోడీజిల్ చేయాలని రూకో అని పథకం కూడా తెచ్చారు. రోజుకి 50 లీటర్ల పైన వేపుళ్ళకి వాడేవాళ్ళు లెక్క రాసి, నూనెని అనుమతి ఉన్నవాళ్ళకే అప్పగించాలి. మరి మన బజ్జీల బండాయన జన్మలో రోజుకి 50 లీటర్లు కాల్చడు, కాబట్టి ఆయన పుస్తకం రాయక్కర్లేదు, మనం అడగక్కర్లేదు, అందరం హాయిగా ఉన్నాం.

అయినా వదల్లేదు నేను. బతిమాలి, కొత్త ప్యాకెట్టు డబ్బులిచ్చి, ఆయన దగ్గర ఒక సీసాడు నల్ల నూనె తెచ్చి దాసన్నపేట వైపు ఒక పాత మెకానిక్కి చూపించాను. ఆయన వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, నాకొక క్లాసు పీకాడు. పాత ఇండికా, అంబాసిడర్ లాంటి ఐడీఐ ఇంజిన్లయితే, అంటే ఇంధనాన్ని ముందు పక్కనున్న చిన్న గదిలోకి చిమ్మే పాతకాలం రకం, కాస్త ఓర్చుకుంటాయట, బాగా ఎక్కువ ఒత్తిడితో సన్నగా చిమ్మే కొత్త సీఆర్‌డీఐ బండి జోలికి అసలు పోవద్దట. నూనె డీజిల్ కంటే పది రెట్లు దాకా చిక్కన, అందుకని రెండు ట్యాంకులు పెట్టాలి, డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజిన్ని చల్లబరిచి వేడెక్కిన నీళ్ళ (కూలెంట్) పైపుతో నూనెని 70, 80 డిగ్రీలకి కాచి అప్పుడు దానిమీదకి మార్చాలి, ఆపే ముందు మళ్ళీ డీజిల్‌కొచ్చి లైన్లు కడుక్కోవాలి, మయూరి జంక్షన్ నుంచి కోటకెళ్ళే బేరానికైతే నూనె కాగేలోపే దిగిపోతాం. పైగా నీటి తడి ఉండకూడదు, కంటికి కనపడని నలుసు కూడా పట్టే మైక్రాన్ల ఫిల్టర్లో వడగట్టాలి, లేకపోతే ఇంధనం చిమ్మే నాజిళ్ళకి మసి కట్టుద్ది, రింగులు పట్టేస్తాయి, ఇంజినాయిలు ముద్దయిపోద్ది.

"ఈ నూనైతే మాత్రం నా షెడ్లోకే తేకండి. ఇంజిను బాబూ అది, ఏది పోస్తే అది తాగడానికి మనిషేటి?" అని, సీసా నా చేతిలో పెట్టి, కుర్రోణ్ణి పిలిచి బజ్జీలు తెమ్మన్నాడు. అదే బండి దగ్గర్నుంచి.

కాబట్టి నా ప్రతిపాదన కొంచెం మార్చాను. తిండి తనిఖీ పని ఆఫీసర్ల నుంచి తీసేసి డీజిల్ మెకానిక్కులకి అప్పగించాలి. ఇంజిన్లో పోయడానికి ఒప్పుకున్న నూనెతోనే బజ్జీ వేయాలి, అంతే. దీనికి పాలసీ కావాలంటే భయమేం లేదు, పాలసీలు మనకి అలవాటే. 2017కల్లా డీజిల్లో 20 శాతం బయోడీజిల్ కలుపుతాం అని 2009లో అన్నాం, దానికి నూనె గింజల కోసం అడవి ఆముదం నాటమన్నాం, అది అలా ఉండగానే 2018లో ఇంకో పాలసీ తెచ్చి 2030కల్లా 5 శాతం అన్నాం. గోడ ఎక్కలేకపోతే గోడనే పొట్టిది చేసుకోవడం, ఎంత తెలివి చూడండి!

ఇంక మిగిలింది ఆర్సీ. బండిలో ఇంధనం మార్పు చేస్తే ఆర్సీలో ఎక్కించుకోవాలి కదా, ఆ కాలమ్‌లో ఏం రాయాలో కౌంటర్లో అడిగితే ఒకాయన చాలాసేపు ఆలోచించి "మిరపకాయా, అరటికాయా?" అన్నాడు. పొగ టెస్టు సంగతంటారా, వంటనూనెతో నడిచే బండి పొగ వేపుడు వాసనేస్తదని వాడినవాళ్ళంతా చెప్పే మాటే, గంటస్తంభం దగ్గర సాయంత్రం ట్రాఫిక్ ఆగినప్పుడు అలాంటివి పది బండ్లు చేరితే వెనకున్న జనమంతా బండ్లు స్టాండేసి బజ్జీలకి పోతారు, అప్పుడు కళాయిలోకి ఇంకో ప్యాకెట్టు, కిందటి నల్లదనంలోకే.