నొప్పి మాత్రలు మానుకునే మనిషికి కౌన్సెలర్‌ను ఎవరు ఎంచుకోవాలి?

నొప్పి మాత్రలకు అలవాటుపడినవారిని ఏ కౌన్సెలర్ దగ్గరికి తీసుకుపోవాలో మా అనంతపురంలో సాధారణంగా ఇంటి పెద్దలే నిర్ణయిస్తారు. బంధువుల్లో ఎవరికో తెలిసినవారై, విషయం బయటికి పొక్కనివ్వరన్న నమ్మకం ఉంటే చాలనుకుంటారు తప్ప, ఆ గదిలో కూర్చుని మనసు విప్పవలసిన మనిషి ఇష్టాన్ని ఎవరూ అడగరు. ఈ పద్ధతి మారాలి. నడుము ఆపరేషన్ తర్వాత డాక్టర్లు రాసిన ట్రామడాల్ అనే నొప్పి మాత్రను వదలలేక ఎంతో అవస్థపడి బయటపడినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మావాళ్ళు మొదట చూపించిన కౌన్సెలర్ "ఏం సార్, నలుగురికి చదువు చెప్పేవాళ్ళు మీరే ఇట్లయితే ఎట్ల?" అంటూ మొదలుపెట్టారు. పిల్లల మీద ఒట్టు వేయించుకున్నారు. నడుము ఇంకా నొప్పిగా ఉందా అని మాత్రం అడగలేదు. నేను చెప్పుకున్నవన్నీ ఆ సాయంత్రానికే మా బావమరిదికి చేరిపోయాయి. ఆ తర్వాత ఆ గదిలో నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ట్రామడాల్ ఓపియాయిడ్ జాతి మందు, అంటే నల్లమందు తరహాలో పనిచేసి నొప్పిని తగ్గించేది, అలవాటుగా మారగలిగేది. 2018లో కేంద్ర ప్రభుత్వం దీన్ని మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి తెచ్చింది. రోజూ వాడిన శరీరానికి ఇది ఒక్కసారిగా అందకపోతే ఒళ్ళునొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఒళ్ళు కుదుటపడినా దిగులు, నిద్రలేమి వారాల తరబడి వెంటాడవచ్చు. ఈ సంగతి తెలియని కౌన్సెలర్‌కు అదంతా మనోబలం లేకపోవడంగానే కనిపిస్తుంది. మరీ ప్రమాదకరమైన విషయం ఇంకొకటి ఉంది. కొంతకాలం మానేసినవారి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది కాబట్టి, మళ్ళీ అన్నే మాత్రలు వేసుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒకసారి జారినవారిని "ఇక నా దగ్గరికి రావద్దు" అని పంపించే కౌన్సెలర్, ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న సమయంలోనే ఆ మనిషిని ఒంటరిగా వదిలేస్తున్నారు. ఓపియాయిడ్ అలవాటు నుంచి బయటపడడానికి సైకియాట్రిస్టు రాసిన బ్యూప్రినార్ఫిన్ అనే మందును "ఇదీ ఇంకో అలవాటే" అని ఈసడించి మాన్పించే కౌన్సెలర్ కూడా అంతే చేటు చేస్తారు.

తాడిపత్రిలో, బేతంచెర్లలో బండలు మోసి నడుములు పోగొట్టుకున్నవారి గురించి ఆలోచించండి. మాత్ర వేసుకుంటే తప్ప మరునాడు పనిలోకి దిగలేని మనిషికి, నొప్పికి వేరే దారి చూపకుండా మాత్ర మానేయమనడం కూలి మానుకోమనడమే అవుతుంది. అలాంటివారికి ఉపదేశాలు కాకుండా ఫిజియోథెరపిస్టుతో, సైకియాట్రిస్టుతో మాట్లాడి పని చేసే కౌన్సెలర్ కావాలి.

నాకు నేనుగా వెతుక్కున్న కౌన్సెలర్ మొదటి రోజే "మాత్ర వేసుకునేది నొప్పికా, నిద్రకా, దిగులుకా?" అని అడిగారు. ఒక్కో పూట ఒక్కో కారణమని అప్పుడే నాకు తెలిసివచ్చింది. ప్రాణానికి ప్రమాదమైతే తప్ప నా అనుమతి లేకుండా ఇంట్లో ఏమీ చెప్పనని కూడా ముందే స్పష్టం చేశారు. నిజానికి ఇది వారి దయ మీద ఆధారపడిన విషయం కాదు. మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తీసుకున్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్స వివరాల గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది.

కాబట్టి కుటుంబసభ్యులకు నా విన్నపం ఇది. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడానికి మొహమాటపడకండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మత్తు విముక్తి కోసం 14446కు, మానసిక ఆరోగ్యం కోసం టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. మీ మనిషి ఒక కౌన్సెలర్ దగ్గర మాట్లాడలేకపోతున్నానంటే దాన్ని సాకుగా కొట్టిపారేయకుండా ఇంకొకరి దగ్గరికి వెళ్ళనివ్వండి. తోడు వెళ్ళినా, పిలిచేదాకా గది బయటే కూర్చోండి, లోపల ఏం మాట్లాడుకున్నారని దారిలో అడగకండి.